నెల్లూరి తీరం - వేడిమి నడచిన దారి

రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. ఆ పదునాలుగు దినాలు నెల్లూరులో గడిపినవారికి ఈ మాటలో అతిశయోక్తి కనబడదు. పొరుగూరి బంధువులు వేసవిలో వచ్చినపుడల్లా అడిగే ప్రశ్న ఒకటుంది: పక్కనే అంత సముద్రం పెట్టుకుని మీకింత ఎండ ఏమిటి? మైపాడు రేవు పట్నానికి పాతిక కిలోమీటర్ల లోపే. గాలి ఆ కాస్త దూరం నడిచి రాలేదా?

చూడడానికి చిన్న ప్రశ్నే. దీనికి సమాధానం వెదుకుతూ పోతే మూడు వందల యేళ్ళ చరిత్ర తగిలింది. అందులో నావికులున్నారు, వైద్యులున్నారు, గణితవేత్తలున్నారు. ఉప్పు కూలీలున్నారు, కరువులున్నాయి, తుఫానులున్నాయి. ఆ చరిత్రను నాకు తోచిన వరుసలో ఇక్కడ చెబుతాను.

మొదట ఒక చిన్న వింత. నెల్లూరు ఉత్తర అక్షాంశం పదునాలుగున్నర డిగ్రీలకు దగ్గర. సూర్యుడు మన నడినెత్తిన నిలిచేది ఏప్రిల్ నెలాఖరున. మరల ఆగస్టు నడుమ. కాని ఎండలు ముదిరేది మే చివర, రోహిణి ప్రవేశించాక. అనగా సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరంగా జరిగిపోయిన నెల రోజులకు. వేడిమి అనేది వచ్చిన క్షణాన కనబడేది కాదు. అది నేలలో చేరుతుంది, నీటిలో దాగుతుంది, గాలినెక్కి ప్రయాణిస్తుంది, మరొక చోట మరొక రూపంలో దిగుతుంది. ఈ ఆలస్యాన్నీ ఈ ప్రయాణాన్నీ అర్థం చేసుకుంటే మన తీరపు చరిత్ర సగం అర్థమవుతుంది.

బడిలో ఉష్ణం మూడు విధాల ప్రసరిస్తుందని చదువుకున్నాం: వహనం, సంవహనం, వికిరణం. సముద్రపు టొడ్డున మధ్యాహ్నం వట్టి కాళ్ళతో నిలబడితే మూడూ ఒక్కసారే బోధపడతాయి. ఆకాశం నుండి ఎండ వీపున పడడం వికిరణం. అరికాలు చురుక్కుమనడం వహనం. ఒంటిని తాకే తెమ్మెర సంవహనం. ఇసుక అంత కాలుతుంది కదా, ఒక జానెడు లోతు తవ్వి చూడండి, చల్లగానే ఉంటుంది. పగటి వేడి పొడి ఇసుకలో జానెడు మించి దిగలేదు. కనుక వచ్చిన వేడంతా పైపొరలోనే పోగుపడి దానిని కాల్చివేస్తుంది. సముద్రం అట్లా కాదు. ఎండ నీటిలోనికి చొచ్చుకుపోతుంది, అలలు దానిని కలియబెట్టి మరింత లోతునకు పంచుతాయి. పైగా ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి అంతే బరువు గల ఇసుకకు కావలసినదానికి ఐదింతలు ఉష్ణం కావాలి. అందుచేత పగలు నేల కాగుతుంది, కడలి నిదానిస్తుంది. నేలమీది గాలి తేలికై పైకి లేస్తుంది, ఆ చోటికి కడలి గాలి వస్తుంది. రాత్రి నేల త్వరగా చల్లారి గాలి అటు తిరుగుతుంది. తెరచాపల కాలంలో మన పట్టపువారి దినచర్య ఈ లెక్క మీదనే నడిచింది. వేకువ జామున నేల గాలితో తెప్పలు లోనికి పోయేవి. పొద్దెక్కాక కడలి గాలితో ఒడ్డుకు వచ్చేవి.

వారికి అనుభవంలో ఉన్న ఈ సంగతిని భూగోళమంతటికీ వర్తింపజేసి చెప్పినవాడు ఎడ్మండ్ హేలీ, తోకచుక్క పేరుతో మనకు తెలిసిన ఆయనే. 1686లో ఆయన ప్రచురించిన వ్యాసంలో, ఉష్ణమండల సముద్రాలపై వీచే గాలుల పటం గీసి, ఋతుపవనాలకు మూలం నేలకూ నీటికీ మధ్య గల వేడి తేడాయేనని వ్రాశాడు. దినానికొకసారి తిరిగే తీరపు గాలి చిన్న రూపమైతే, యేడాదికొకసారి తిరిగే ఋతుపవనం దాని విరాట్ రూపమన్నమాట. భూభ్రమణం గాలిని పక్కకు ఎట్లా మళ్ళిస్తుందో జార్జ్ హాడ్లీ 1735లో చేర్చాడు. ఈ సిద్ధాంతాలకు తరువాత ఎన్ని మెరుగులు దిద్దినా పునాది అదే.

ఇక బంధువుల ప్రశ్నకు వద్దాం. మే నెలాఖరున మనకు పడమటి గాలి బలంగా వీస్తుంది. అది దక్కను పీఠభూమి మీద కాగి, రాయలసీమ దాటి, వెలికొండల మీదుగా దిగివస్తుంది. దిగే గాలి నొక్కుకుపోయి మరింత వేడెక్కుతుంది. పొడి గాలి కిలోమీటరు ఎత్తు దిగితే సుమారు పది డిగ్రీలు పెరుగుతుందని లెక్క. ఈ గాడ్పు తూర్పుగా తోసుకువస్తుంటే కడలి గాలి ఒడ్డుననే ఆగిపోతుంది. రెండు గాలుల పెనుగులాటలో కడలి గాలి మధ్యాహ్నం ఒంటిగంటకే గెలిస్తే ఆ రోజు గండం గడిచినట్లు. సాయంత్రం దాకా గెలవకపోతే వడగాడ్పు. పాతిక కిలోమీటర్లు గాలి ఎందుకు నడిచి రాలేదంటే, ఎదురుగా అంతకన్న బలమైన గాలి నిలబడి ఉంది కనుక.

* * *

అందరూ తిట్టుకునే ఆ ఎండ కోసమే ఎదురుచూసేవారు ఈ తీరంలో ఉన్నారు. అల్లూరు దగ్గర ఇస్కపల్లి వైపు వెడితే ఉప్పు మడులు కనబడతాయి. సంక్రాంతి వెళ్ళాక పని మొదలై, ఎండ ముదిరేకొద్దీ పంట చిక్కనవుతుంది. మే నెలలో అకాల వర్షం ఊరందరికీ ఉపశమనమైతే, ఉప్పు పండించేవారికి అది నష్టం. మడిలో తేలిన తెల్లని గింజ ఒక్క జల్లుకు కరిగిపోతుంది.

ఆ మడిలో జరిగే పని ఎంత పెద్దదో పద్దెనిమిదవ శతాబ్ది నడిమి దాకా ఎవరూ కొలవలేదు. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో జోసెఫ్ బ్లాక్ 1760ల తొలినాళ్ళలో ఒక విచిత్రం గమనించాడు. మరిగే నీటికి ఎంత వేడి అందిస్తున్నా ఉష్ణోగ్రత పెరగడం లేదు. ఆ వేడి ఏమైపోతున్నది? ఆవిరిలో దాగుతున్నది. దానికే గుప్తోష్ణమని పేరు. ఒక కిలో నీటిని సున్న నుండి నూరు డిగ్రీలకు కాచడానికి ఎంత వేడి కావాలో, ఆ మరిగిన నీటిని పూర్తిగా ఆవిరి చేయడానికి దానికి ఐదింతలకు మించి కావాలి. మరిగించకుండా ఎండలో ఆరబెట్టినా లెక్క తగ్గదు సరికదా, కాస్త ఎక్కువే. అంటే ఒక ఉప్పు మడి ఎండేసరికి సూర్యుడు అక్కడ ఎన్ని బండ్ల కట్టెల వేడిమిని ఖర్చు పెడుతున్నాడో ఊహించుకోవచ్చు. 1805లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు రాజధానిలో ఉప్పును తన గుత్తాధికారం కిందికి తెచ్చుకుంది. సూర్యుడు చేసిన పనికి, కూలివాడు తీసిన చెమటకు కంపెనీ సుంకం కట్టించుకుందన్నమాట.

పులికాటు సరస్సుదీ ఇదే కథ. చాలాచోట్ల మొలలోతు దాటని నీరు. సముద్రం వలె వేడిని లోతుకు దాచుకునే వెసులుబాటు దానికి లేదు. వేసవికి అంచులు ఎండి, మిగిలిన నీరు కడలి కన్న ఉప్పనవుతుంది. కార్తీకంలో వానలు పడి ఏరులు పారితే మరల తీపి కలుస్తుంది, కొంగలూ రాజహంసలూ దిగుతాయి.

అయితే మడి నుండీ సరస్సు నుండీ కడలి నుండీ ఆవిరితో లేచిపోయిన ఆ దాగిన వేడి సంగతేమిటి? అది పోగొట్టుకున్న సొమ్ము కాదు, దాచుకున్న సొమ్ము. ఆవిరి పైకెగసి, చల్లబడి, నీటిబొట్టుగా మారిన క్షణాన ఆ వేడంతా వడ్డీ లేకుండా గాలికి తిరిగి ముడుతుంది. గాలి మరింత తేలికై మరింత పైకి లేస్తుంది, కింద నుండి మరింత తేమను లాగుతుంది. సముద్రపు పైనీరు ఇరవై ఆరున్నర డిగ్రీలకు మించి వెచ్చగా ఉండి, పై గాలులు అనుకూలిస్తే, ఈ వలయం తనను తాను పెంచుకుంటూ పోతుంది. దానినే మనం వాయుగుండమనీ తుఫాననీ పిలుస్తున్నాం.

* * *

తెలుగు తీరం ఈ పాఠాన్ని ప్రాణాలిచ్చి నేర్చుకున్నది. 1780లలో సామర్లకోటలో కంపెనీ వైద్యుడుగా ఉండిన విలియం రాక్స్‌బర్గ్‌ను మనం వృక్షశాస్త్రజ్ఞుడుగానే ఎరుగుదుం. ఆయన వాన లెక్కలను శ్రద్ధగా వ్రాసి పెట్టేవాడు. 1789 నుండి వరుసగా వానలు తప్పి తెలుగు దేశం కరువున పడిన సంగతి ఆ లెక్కల్లో ఉన్నది. రెండు వందల యేళ్ళ తరువాత, 1998లో, రిచర్డ్ గ్రోవ్ అనే చరిత్రకారుడు ఆ లెక్కలను తక్కిన ఖండాల కరువుల సమాచారంతో సరిచూసి, 1789-93 నాటి మహా ఎల్ నీనోను ఎత్తిచూపాడు. సామర్లకోట చినుకులకూ పసిఫిక్ మహాసముద్రపు వేడికీ సంబంధముందని రాక్స్‌బర్గ్ ఎరుగడు. ఆయన చేసిందల్లా తప్పకుండా వ్రాసిపెట్టడమే. ఆ కరువు కాలంలోనే, 1789 డిసెంబరులో, కోరింగను ఉప్పెన ముంచింది. కోరింగ తుఫానులను గూర్చి సేకరించి వ్రాసిన హెన్రీ పిడింగ్టన్, కలకత్తాలో ఉంటూ నావికుల దినచర్య పుస్తకాల నుండి గాలి దిక్కులు పోగుచేసి, ఇవి సుడులు తిరిగే గాలులని చూపి, 1848లో 'సైక్లోన్' అనే మాట పుట్టించాడు. పాము చుట్టను సూచించే గ్రీకు మాట నుండి తీసుకున్నాడట. నేడు ప్రపంచమంతా వాడే ఆ మాట బంగాళాఖాతపు బిడ్డ.

1864లో అక్టోబరు నెల కలకత్తానూ, నవంబరు ఒకటిన బందరునూ ఉప్పెనలు ముంచెత్తాయి. బందరులో ముప్పైవేల మంది పోయారని లెక్క. ఆ దెబ్బలకు తోడు 1866, 1871 సంవత్సరాల వర్షాభావం కూడా చేరి, 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. దాని తొలి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్ కుదురుకునేలోపే 1876లో మద్రాసు రాజధానిలో వానలు తప్పాయి. 1878 దాకా సాగిన ఆ కరువులో లక్షల ప్రాణాలు పోయాయి. నెల్లూరు తీరం పొడవునా సాగే బకింగ్‌హాం కాలువకు ఆ పేరు వచ్చినది అప్పుడే. మద్రాసు నగరంలో దాని రెండు భాగాలను కలిపే తవ్వకాన్ని కరువు పనిగా చేయించారు. నాటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు. ఈనాడు పూడిపోయి, అక్కడక్కడా రొయ్యల చెరువుల పక్కన మురికి నీటితో కనిపించే ఆ కాలువ వానలు తప్పిన యేళ్ళకు మిగిలిన గుర్తు.

1877లోనూ, తిరిగి 1899లోనూ వచ్చిన వర్షాభావాలు ఒక ప్రశ్నను మిగిల్చాయి: ఇవి ముందుగా తెలుసుకోగలమా? 1904లో వాతావరణ శాఖ పగ్గాలు చేపట్టిన గిల్బర్ట్ వాకర్ వాతావరణ శాస్త్రం చదివినవాడు కాదు, గణితవేత్త. దేశదేశాల పీడనం, ఉష్ణోగ్రత, వర్షం లెక్కలు తెప్పించి, భారతీయ గుమాస్తాల చేత యేళ్ళ తరబడి గుణకాలు కట్టించాడు. పసిఫిక్ వైపు పీడనం పెరిగినపుడు హిందూ మహాసముద్రం వైపు తగ్గుతుందనీ, అటు తగ్గితే ఇటు పెరుగుతుందనీ, తరాజు తట్టల వలె ఇవి ఊగుతాయనీ కనుగొని, దానికి దక్షిణ డోలనమని పేరు పెట్టాడు. కారణం ఆయన చెప్పలేకపోయాడు. 1969లో జేకబ్ బ్యర్క్‌నెస్ దానికి ఎల్ నీనోతో ముడివేసి చూపాడు. పసిఫిక్‌లో వెచ్చని నీరు పడమటి నుండి తూర్పునకు జరిగితే, దాని మీద లేచే మేఘాలూ జరుగుతాయి, వాటితో ప్రపంచపు గాలులన్నీ తమ స్థానాలు సవరించుకుంటాయి.

మన సముద్రాన్ని గూర్చిన చదువు మన విశ్వవిద్యాలయంలో మొదలైనది స్వాతంత్ర్యానంతరమే. 1952లో అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయ విద్యార్థులతో కలిసి తీరజలాలను కొలిచాడు. వసంతంలో గాలి తీరం వెంబడి వీచినపుడు పైనీరు లోపలికి జరిగి, అడుగున ఉన్న చల్లని నీరు ఒడ్డున పైకి వస్తుందని వారు చూశారు. తీరం వెంట ఒక ప్రవాహం ఉన్నదనీ, అది వేసవికి ముందు ఉత్తరంగా, శరత్తులో దక్షిణంగా దిశ మార్చుకుంటుందనీ క్రమంగా స్పష్టమైంది. అక్టోబరు దాటాక ఈ ప్రవాహమే గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణల వరదనీటిని నెల్లూరు దాకా మోసుకువస్తుంది. ఆ తీపినీరు తేలిక గనుక ఉప్పునీటి మీద పలుచని పొరగా తేలుతుంది. గాలి ఎంత కలియబెట్టినా అడుగు చల్లదనం పైకి రానీయదు. పైపొర వెచ్చగానే ఉండిపోతుంది. ఈశాన్య ఋతుపవనం మనకు వాన తెచ్చే నెలల్లోనే తుఫానులకు ఇంధనం కూడా అట్లా మన ముంగిట సిద్ధంగా ఉంటున్నది.

* * *

1989 నవంబరు నాటి కావలి తుఫాను ఇందుకు నిదర్శనం. అది పుట్టింది బంగాళాఖాతంలో కాదు, థాయిలాండ్ సింధుశాఖలో. అక్కడ దాని పేరు గే. నవంబరు 3న సీక్రెస్ట్ అనే చమురు తవ్వకపు నౌకను తిరగదోసి 91 మందిని బలిగొన్నది. 4న మలయా ద్వీపకల్పాన్ని చుంఫోన్ వద్ద దాటింది. నేల మీదికెక్కితే తుఫానుకు ఆవిరి అందదు, నీరసిస్తుంది. కాని ఆ నేల సన్నని పట్టీ మాత్రమే. ఇవతలి వెచ్చని నీటి మీదికి దిగగానే మరల ఊపిరి పోసుకుని, నాలుగు దినాలు బలం పెంచుకుంటూ వచ్చి, 8, 9 తేదీల నడిమి రాత్రి కావలి సమీపాన తీరం దాటింది. గాలి వేగం గంటకు రెండు వందల కిలోమీటర్లకు ఎంతో పైన.

అంతటి తుఫానుకు మన వైపు పోయిన ప్రాణాలు వందకు లోపే. పన్నెండేళ్ళ క్రితం, 1977 నవంబరు 19న, దివిసీమలో పోయినవారు అధికారిక లెక్కనే పదివేలు. తుఫానుల బలంలోనూ, ఉప్పెన ఎత్తులోనూ, తీరపు పల్లంలోనూ తేడాలున్న మాట నిజమే. కాని ఆ పన్నెండేళ్ళలో తీరాన ఆశ్రయ భవనాలు లేచాయి. రాడార్లు వచ్చాయి. 1983లో నింగికెక్కిన ఇన్సాట్-1బి మేఘాల చిత్రాలు పంపింది, తీర గ్రామాలకు నేరుగా హెచ్చరికలు వినిపించింది. జనాన్ని ముందే తరలించారు. రాక్స్‌బర్గ్ వాన లెక్క నుండి ఇన్సాట్ చిత్రం దాకా రెండు వందల యేళ్ళు పట్టింది, కాని ఫలితం ప్రాణాలలో కనబడింది.

ఆ ఉపగ్రహాల కథలో ఈ తీరానికి సొంత పాత్ర ఉన్నది. శ్రీహరికోట 2022 దాకా నెల్లూరు జిల్లాలోనిదే. ఇప్పుడు తిరుపతి జిల్లా. 1971 అక్టోబరు 9న అక్కడి నుండి తొలి రోహిణి రాకెట్టు ఎగిరింది. 2002లో వాతావరణం కోసమే చేసిన మెట్‌శాట్ అక్కడి నుండే వెళ్ళింది. కల్పనా చావ్లా మరణం తరువాత దానికి కల్పన అని పేరు పెట్టారు. 2011 అక్టోబరు 12న ఫ్రాన్సుతో కలిసి పంపిన మేఘా ట్రాపిక్స్, ఉష్ణమండలంలో తేమ ఎంత, వాన ఎంత, సూర్యుని నుండి వచ్చిన వేడి ఎంత, తిరిగి నింగికి పోయింది ఎంత అన్న జమాఖర్చులు వ్రాసింది. 2023 మార్చి 7న దానిని సముద్రంలోకి దించివేశారు. పులికాటు నీళ్ళు ఆవిరయ్యే చోటు నుండే ఆ ఆవిరిని కొలిచే పరికరం ఎగిరిందనుకుంటే నాకు ముచ్చటగా ఉంటుంది.

* * *

ఈ చరిత్రను ఇక్కడితో ముగిస్తే అది విజయగాథ అవుతుంది. కాని 2015 సంవత్సరం అట్లా ముగించనీయదు.

ఆ యేడు మే చివరి వారాల్లో పడమటి గాడ్పు వదలలేదు. కడలి గాలి రోజుల తరబడి ఆలస్యమైంది. నెల్లూరు, ప్రకాశం మొదలుకొని కోస్తా జిల్లాల్లోనూ తెలంగాణలోనూ వడదెబ్బకు జనం రాలిపోయారు. రెండు రాష్ట్రాలలో కలిపి మృతుల లెక్క రెండు వేలు దాటింది. అదే యేడు నవంబరులో, పసిఫిక్‌లో బలమైన ఎల్ నీనో నడుస్తుండగా, నెల్లూరు జిల్లాను కుంభవృష్టి ముంచింది. జాతీయ రహదారి మీద లారీలు నిలిచిపోయాయి, రైళ్ళు ఆగాయి. మేలో నిప్పు, కార్తీకంలో నీరు. ఒకే వేడిమికి రెండు ముఖాలు.

ఇప్పుడు నన్ను తొలిచే సంగతి చెబుతాను. నవంబరు వరదలు అందరికీ గుర్తున్నాయి. కావలి తుఫానును ఇప్పటికీ కాలగణనకు వాడేవారున్నారు. ఫలానావాడు తుఫానుకు ముందు పుట్టాడా వెనుక పుట్టాడా అని. మే నెలలో పోయిన ఆ రెండువేల మంది మాత్రం ఎవరి జ్ఞాపకంలోనూ ఒక తేదీగా నిలువలేదు. కావలి తుఫానుకు పోయినవారి కంటే వారు ఎన్నో రెట్లు ఎక్కువ. తుఫానుకు పేరుంటుంది, కన్ను ఉంటుంది, కూలిన చెట్లుంటాయి. వడగాడ్పుకు అవేమీ లేవు. పొలం గట్టునో, రోడ్డు పనిలోనో, బస్సు కోసం నిలబడిన చోటనో ఒక్కొక్కరుగా పడిపోతారు. ఎక్కువమంది కూలివారు, వృద్ధులు. ఆ రోజుకు పని మానుకుంటే పూట గడవనివారు.

వారిని చంపినదీ జోసెఫ్ బ్లాక్ లెక్కే. మనిషి ఒళ్ళు తనను తాను చల్లబరచుకునే మార్గం చెమట. చెమట ఆవిరవుతూ ఒంటి వేడిని వెంట తీసుకుపోతుంది. గాలిలో తేమ నిండి ఉంటే ఆవిరి కాదు. ఒంట్లో నీరు అయిపోతే చెమటే రాదు. ఉప్పు మడిలో నీటిని ఇంకించే ఎండ, ఆ మడిలో పలుగు పట్టినవాని ఒంటిలోని నీటినీ అదే న్యాయాన ఇంకిస్తుంది. తేడా ఒకటే. మడికి మరుసటి ఆటుపోటుతో నీరు వస్తుంది.

2015 తరువాత కొంత మార్పు లేకపోలేదు. మండలాల వారీగా వడగాడ్పు హెచ్చరికలు వస్తున్నాయి, చలివేంద్రాలు పెరిగాయి, మధ్యాహ్నపు పని వేళలు మార్చాలన్న ఆదేశాలు వెలువడుతున్నాయి. అది అవసరం కూడా. మనం గాలిలోనికి వదిలిన వాయువులు పట్టి ఉంచిన అదనపు వేడిలో నూటికి తొంభై పాళ్ళకు పైగా సముద్రాలే మింగుతున్నాయని కొలతలు చెబుతున్నాయి. సముద్రం ఎంత ఓర్పు గలదైనా దాచుకున్నది ఏనాడో ఒకనాడు తిరిగి ఇస్తుంది. ఏప్రిల్ సూర్యుడు మే నెలలో కాల్చినట్లే, నిన్నటి పొగ రేపటి గాలిలో కాలుతుంది.

ఒకప్పుడు తుఫానును దైవాగ్రహమన్నారు. లెక్కలు వ్రాసి, గాలి దిక్కులు కూర్చి, ఆశ్రయాలు కట్టి, దానిని కాచుకోగల ఆపదగా మార్చుకున్నాం. ఎండను మాత్రం ఇంకా విధిగానే చూస్తున్నాం. వేసవి అన్నాక ఎండ ఉండదా అంటున్నాం. రెండూ ఒకే వేడిమి నడిచిన దారులు. ఒక దారిని కాపలా కాయడం నేర్చుకున్నవాళ్ళం రెండవదానిని నేర్చుకోలేమా?

ఈసారి రోహిణిలో మా ఇంటికి వచ్చి, పక్కన సముద్రముండి ఇంత ఎండ ఏమిటని అడిగేవారికి ఈ కథంతా చెబుతాను. చెప్పే ముందు మాత్రం మజ్జిగ చేతికిస్తాను. వీధిలో తవ్వకం పని చేసేవారిని కూడా పిలిచి.